బొబ్బిలి కోటకు షోకేసు వస్తువులు

విజయనగరం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

1757 జనవరి 24 నాటి బొబ్బిలి యుద్ధాన్ని 28 మిల్లీమీటర్ల సైనికుల బొమ్మలతో బల్ల మీద ఆడాలనుకుంటున్నావనీ, అందుకు కావలసిన కోటనూ పల్లెనూ ఇంట్లోని అలంకార వస్తువులతోనే కట్టదలిచావనీ రాశావు. సంతోషం. ఏ వస్తువు పనికొస్తుందో దాని అందాన్ని బట్టి కాక, దాని మీదున్న తలుపు, మెట్ల కొలతను బట్టి తేల్చుకో. కాళ్ల కింది దిమ్మతో కలిపి సైనికుడు దూరాలంటే తలుపు ఎత్తు సుమారు 4 సెంటీమీటర్లుండాలి. నిజంలో 20 అడుగుల గోడ బల్ల మీద దాదాపు 11 సెంటీమీటర్లవుతుంది. తలుపూ మెట్లూ లేని వస్తువుకు ఈ బెంగ లేదు. అంచు విరిగిన పింగాణీ పెన్నుల స్టాండును బోర్లిస్తే బురుజవుతుంది.

అక్వేరియంలో పెట్టే కోట బొమ్మ చూడగానే చేయి దాని మీదికే పోతుంది కానీ, దాని శిఖరాలు ఐరోపా కోటలవి. బొబ్బిలిది మట్టి కోట. ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఆ మొనలను హాక్సా బ్లేడుతో కోసేసి, పైభాగాన్ని ఎంసీల్‌తో చదును చేయి. గుమ్మానికి కట్టే ప్లాస్టిక్ మావిడాకులను కోట చుట్టూ అడవికి వాడకు. ఈ కొలతలో ఒక్కో ఆకు మనిషి కంటే పెద్దదవుతుంది. పూలగుత్తిలోని సన్నని ఆకులు నప్పుతాయి. గుడిసెల కప్పులకు కొబ్బరి పీచును మించినది లేదు.

అమ్మను అడగకుండా దేని మీదా రంగు వేయకు. బుడితి ఇత్తడి సామానునూ, లక్క పూసిన ఏటికొప్పాక బొమ్మలనూ అడిగినా వేయకు. వాటి మెరుగు ఒకసారి పోతే మన చేతుల్లో తిరిగి రాదు. సిరిమానోత్సవంలో కొన్న చవక ప్లాస్టర్ బొమ్మలు చాలు.

అసలు పనితనమంతా రంగుకు ముందే ఉంది. పింగాణీనీ ప్లాస్టిక్‌నీ సబ్బునీళ్లతో కడిగి, నునుపు పోయేదాకా గరుకు కాగితంతో రుద్దాలి. లేకపోతే గోరు తగిలినా రంగు పొరలుగా లేచిపోతుంది. ప్లాస్టర్ బొమ్మను నీళ్లలో ముంచకుండా, పొడి బ్రష్‌తో దులిపి, నీళ్లు కలిపిన ఫెవికాల్ ఒక పూత వేసి ఆరనివ్వు. థర్మోకోల్ ముక్కలు వాడితే వాటి మీద స్ప్రే రంగు నేరుగా కొట్టకు, అందులోని ద్రావకం థర్మోకోల్‌ను కరిగించేస్తుంది. గోడలకు ఫెవికాల్ పూసి టీ వడపోతతో జల్లించిన ఇసుక చల్లితే, పింగాణీ ఏదో ప్లాస్టిక్ ఏదో కంటికి తెలియదు.

ఆ తరువాత అన్నింటికీ ఒకే ముదురు గోధుమ రంగు ప్రైమర్, అంటే అడుగు పూత, వేయి. మన వానాకాలపు తేమలో స్ప్రే తెల్లగా పొగబారుతుంది కనుక ఎండ కాసిన రోజున కొట్టు, లేదా బ్రష్‌తో వేయి. పైన ఎర్రమట్టి రంగు యాక్రిలిక్ వేసి, పలుచని నల్లగోధుమ రంగు నీళ్లు సందుల్లోకి పారనిచ్చి, ఆరాక, గుడ్డకు తుడిచి దాదాపు పొడిగా చేసిన బ్రష్‌తో లేత రంగును అంచుల మీద మాత్రమే తాకించు. ఈ చివరి పనిలో తొందరపడేవాళ్లే ఎక్కువ, నువ్వు చాలా కొద్ది రంగుతో మొదలుపెట్టు. మెరుపు లేని వార్నిష్ ఒక పూత చాలు.

ఇంకొకటి, బురుజుల పైనా గోడ వెనకా సైనికుల దిమ్మలు నిలిచేంత చదును వదులు. అతికించే ముందే సైనికులను నిలబెట్టి సరిచూసుకో. అందంగా కుదిరినా బొమ్మ నిలవని కోట ఆటకు అక్కరకు రాదు.

ఇట్లు,
మీ మామయ్య