మీటింగ్‌లో నోరు పెగలడం లేదు.. విజువలైజేషన్‌తో భయం పోతుందా?

ప్రశ్న: నా వయసు 27. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. పదో తరగతి దాకా మా ఊళ్లోనే తెలుగు మీడియంలో చదివాను. ఎనిమిదో తరగతిలో ఇంగ్లిష్ పాఠం చదువుతూ ఒక పదం తప్పు పలికితే, సారు నన్ను నిలబెట్టి అదే పదం నాలుగైదుసార్లు పలికించారు. క్లాసంతా నవ్వింది. నలుగురిలో నోరు తెరిస్తే నవ్వులపాలవుతానన్న నమ్మకం అప్పట్నుంచి మనసులో పాతుకుపోయింది. పని బాగా చేస్తానని మా టీమ్ లీడ్ అంటారు. కానీ మీటింగ్‌లో నా వంతు వచ్చేసరికి గొంతెండిపోయి, గుండె దడదడలాడుతుంది. వీడియోల్లో చెప్పినట్టు రోజూ పొద్దున్నే కళ్లు మూసుకుని, స్టేజీ మీద గొప్పగా మాట్లాడుతున్నట్టు, అందరూ చప్పట్లు కొడుతున్నట్టు 21 రోజులు ఊహించుకున్నాను. చేసినంతసేపూ బాగానే ఉంటుంది, ఆఫీసుకెళ్తే మళ్లీ మామూలే. 'ఇది కూడా నాకు చేతకాలేదు' అన్న బాధ ఒకటి అదనంగా వచ్చింది. విజువలైజేషన్ నిజంగా పనిచేస్తుందా? ఎలా చేయాలి?
- ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: పనిచేస్తుంది. మీరు ఎంచుకున్న దృశ్యమే పనికొచ్చేది కాదు. మీకు ఇబ్బంది ఎదురవుతున్నది చప్పట్ల దగ్గర కాదు, మీ పేరు పిలిచాక అన్‌మ్యూట్ నొక్కే ఆ రెండు మూడు సెకన్ల దగ్గర. మీ ఊహలో ఆ సెకన్లే లేవు. రోజూ వాటిని దాటేసి నేరుగా స్టేజీ ఎక్కుతున్నారు.

అమెరికాలో లీన్ ఫామ్, షెల్లీ టేలర్ అనే సైకాలజిస్టులు 1999లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. పరీక్షకు కొన్ని రోజుల ముందు నుంచి కొందరు విద్యార్థులను మంచి గ్రేడు వచ్చేసినట్టు ఊహించుకోమన్నారు. మరికొందరిని ఎక్కడ కూర్చుని, ఎప్పుడు, ఎలా చదువుతారో ఊహించుకోమన్నారు. చదవడాన్ని ఊహించుకున్నవాళ్లకే మార్కులు మెరుగ్గా వచ్చాయి, కంగారూ తగ్గింది. 2011లో హెదర్ కాపెస్, గాబ్రియేలా ఒటింగెన్ ఇంకో సంగతి చూపించారు. అంతా అద్భుతంగా జరిగిపోయినట్టు కలగంటే ఒంట్లో ఉత్సాహం పెరగకపోగా తగ్గుతుంది, పై బీపీ అంకెలో కూడా ఆ తేడా కనిపించింది. పని అయిపోయిందన్నట్టు శరీరం సేద తీరుతుందన్నమాట. మీకు 'చేసినంతసేపూ బాగానే ఉంటుంది' అనిపించడానికి కారణం ఇదే కావచ్చు.

ఇక ఆ 21 రోజుల లెక్క. 1960లో ఒక అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్, తన రోగులు కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం మూడు వారాలు పడుతోందని రాశారు. అదే చేతులు మారి మారి 'ఏ అలవాటైనా 21 రోజుల్లో' అయి కూర్చుంది. లండన్‌లో అలవాట్ల మీద జరిగిన అధ్యయనంలో ఒక్కొక్కరికి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా పట్టొచ్చని లెక్క తేలింది. కాబట్టి 22వ రోజున మీరు ఓడిపోయిందేమీ లేదు. ఇలాంటి వీడియోల్లో వినిపించే 'మెదడుకి ఊహకీ నిజానికీ తేడా తెలియదు' అన్న మాటనూ పట్టించుకోకండి. అదే నిజమైతే బిర్యానీ తలచుకుంటే కడుపు నిండాలి. ఊహించుకున్నప్పుడు కూడా చూపుకి సంబంధించిన మెదడు భాగాలే కొంతవరకు పనిచేస్తాయి. అయితే అది నిజంగా చూసినంత గట్టిగా ఉండదు. ఆ పాటి సాయం మనకు చాలు.

అసలు విషయం ఏమిటంటే, మీరు విజువలైజేషన్ ఇప్పటికే రోజూ చేస్తున్నారు, తప్పు బొమ్మతో. మీ వంతు వచ్చే ముందు మనసులో ఏం కనిపిస్తోందో ఒకసారి గమనించండి. మీలాంటి ఇబ్బంది ఉన్నవాళ్లలో చాలామందికి తమ రూపమే బయటి నుంచి, ఎదుటివాళ్ల కళ్లతో చూసినట్టు కనిపిస్తుంది: ఎర్రబడిన ముఖం, వణికే పెదవులు, చుట్టూ ముసిముసి నవ్వులు. నలుగురిలో వచ్చే ఈ భయాన్ని వివరిస్తూ డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ అనే సైకాలజిస్టులు 1995లో ప్రతిపాదించిన నమూనాకి ఇదే కీలకం. ఆ బొమ్మ ఎదుటివాళ్లను చూసి గీసుకున్నది కాదు, మీ గుండె దడను చూసి లోపల గీసుకున్నది. దడ ఎంత ఎక్కువైతే బొమ్మ అంత వికారంగా ఉంటుంది.

ముందు నమ్మకాన్ని పరీక్షకు నిలిచేలా రాయండి

'నాకు కాన్ఫిడెన్స్ లేదు' అంటే దాన్ని ఎవరూ పరీక్షించలేరు. 'స్టాండప్‌లో (టీమ్ రోజువారీ చిన్న మీటింగ్‌లో) నేను రెండు వాక్యాలు మాట్లాడితే కనీసం ఒకరు నవ్వుతారు' అని రాయండి. పక్కన ఎంత శాతం నమ్ముతున్నారో వేయండి. 80 అనుకుందాం. కాగితం మీద పడని అంకె వారం తర్వాత గుర్తుండదు. గుర్తుండకపోతే తగ్గినా మీకు తెలియదు.

ఇక్కడే ఇంకో రెండింటిని విడదీయాలి. ఇంగ్లిష్ నిజంగా తడబడుతుంటే అది నమ్మకం సమస్య కాదు, సాధన సమస్య. కళ్లు మూసుకుంటే భాష రాదు. రోజూ 15 నిమిషాలు మీ పనికి సంబంధించిన విషయాన్ని పైకి మాట్లాడి, ఫోన్లో రికార్డు చేసుకుని వినడం వేరేగా సాగాలి. 'తప్పు వస్తే నవ్వులపాలే' అన్న రెండో భాగం మీదే ఊహ పనిచేస్తుంది.

తర్వాత పాత జ్ఞాపకం. ఆ క్లాసుగదిని తలచుకుంటే ఇప్పుడు బాధ 0 నుంచి 10లో ఎంత? ఆరు వరకు ఉంటే మీరే ప్రయత్నించవచ్చు. ఏడు, అంతకు మించితే క్లినికల్ సైకాలజిస్టు దగ్గరే చేయండి. ఈ పద్ధతిని ఇమేజరీ రీస్క్రిప్టింగ్ అంటారు, మూడు విడతలుగా సాగుతుంది. మొదట ఆ ఎనిమిదో తరగతి పిల్లగా బెంచీ పక్కన నిలబడి చూడండి. చేతిలో ఏముంది, ఎవరు నవ్వారు, అప్పుడు మీ గురించి మీరేం అనుకున్నారు. రెండో విడతలో ఇప్పటి మీరు, 27 ఏళ్ల మీరు, ఆ గదిలోకి నడిచి వెళ్లండి. 'చాలు సార్, కూర్చోనివ్వండి' అనండి. పిల్ల పక్కన కూర్చుని తనకు అవసరమైన మాట చెప్పండి. మూడోసారి మళ్లీ ఆ పిల్లగానే ఉండి, పెద్దమ్మాయి వచ్చి నిలబడటం ఎలా ఉందో అనుభవించండి. ఇంకేం కావాలనిపిస్తే అదీ అడగండి. మొత్తం 15, 20 నిమిషాలు. వారానికొకసారి చొప్పున రెండు మూడుసార్లు చాలు. రోజూ తవ్వితే మంచికంటే చెడే ఎక్కువ. జరిగింది చెరిగిపోదు. 'నేను తెలివితక్కువదాన్ని' అన్న అర్థం మాత్రం 'ఒక పెద్దాయన చిన్నపిల్లతో సరిగా ప్రవర్తించలేదు'గా మారుతుంది. సోషల్ ఫోబియా (నలుగురిలో మెలగాలంటే విపరీతమైన భయం) ఉన్నవారిలో ఇలాంటి చిన్ననాటి జ్ఞాపకాలపై ఈ పద్ధతిని 2008లో జెన్నిఫర్ వైల్డ్ బృందం పరీక్షించి మేలు కనిపించిందని చెప్పింది.

రోజువారీ సాధన

కుర్చీలో కూర్చోండి, మంచం మీద వద్దు, నిద్ర పడుతుంది. రోజుకు 8 నుంచి 10 నిమిషాలు, వారంలో ఐదు రోజులు. దృశ్యాన్ని ముందు తెలుగులోనే రాసుకోండి. మీ కళ్లతో మీరు చూస్తున్నట్టుండాలి. మీ ముఖం మీకు కనిపించకూడదు, ల్యాప్‌టాప్ తెర కనిపించాలి. మచ్చుకి ఇలా:

'పది గంటల స్టాండప్. కుర్చీ వీపుకి ఆనుతోంది. హెడ్‌ఫోన్ చెవుల మీద కాస్త బిగుతుగా ఉంది. నా ముందువాళ్లు ముగిస్తున్నారు. గొంతెండింది, గుండె వేగంగా కొట్టుకుంటోంది. కొట్టుకోనీ. నా పేరు వినిపించింది. అన్‌మ్యూట్ నొక్కాను. లాగిన్ బగ్ ఫిక్స్ అయింది, టెస్టింగ్‌కి పంపాను అన్నాను. ఒక మాట తడబడింది. ఆగాను. ఊపిరి వదిలాను. ఆ మాట మళ్లీ చెప్పాను. ఎవరో సారీ, ఇంకోసారి చెప్తారా అన్నారు. చెప్పాను. లీడ్ పక్కవాళ్ల పేరు పిలిచారు.'

ఇందులో తడబాటు కావాలనే పెట్టాను. తప్పు రాకూడదని ఊహించుకుంటే, నిజంగా తప్పు వచ్చినప్పుడు ఏం చేయాలో మీ దగ్గర ఏమీ ఉండదు. తప్పు వచ్చాక ఆగి, ఊపిరి వదిలి, మళ్లీ చెప్పడమే మీరు నేర్చుకోవాల్సిన పని. దృశ్యం మీటింగ్ నడిచే వేగంతోనే సాగాలి. అరనిమిషంలో ముగిసిపోతోందంటే కష్టమైన చోట దాటేస్తున్నారని అర్థం. మళ్లీ పేరు పిలిచిన క్షణానికి వచ్చి అక్కడే కాసేపు ఉండండి. మొదలుపెట్టే ముందు, ముగించాక ఇబ్బంది ఎంతో 0 నుంచి 10లో రాయండి. వరుసగా రెండు రోజులు తగ్గకుండా పెరుగుతుంటే దృశ్యం మీకు బరువైంది. ఇద్దరు ముగ్గురే ఉన్న చిన్న మీటింగ్‌కి మార్చుకోండి.

ఇదంతా చేసి మీటింగ్‌లో మౌనంగా కూర్చుంటే పాత నమ్మకం అంగుళం కదలదు. ఊహ మిమ్మల్ని గుమ్మం దాకా తీసుకెళ్తుంది. నమ్మకం మారేది మాట్లాడాక ఏం జరిగిందో కళ్లారా చూసినప్పుడే. అందుకే సాధన మొదలుపెట్టిన రెండు మూడు రోజుల్లోనే ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. మొదటి వారం స్టాండప్‌లో రెండు వాక్యాలు. రెండో వారం ఒక ప్రశ్న అడగడం. మూడో వారం మూడు నిమిషాల స్క్రీన్ షేర్. డెమో ఆ తర్వాత. ఒక మెట్టు దగ్గర ఆగిపోతే వారం పొడిగించండి, పై మెట్టుకి తొందరపడకండి. మాట్లాడుతున్నప్పుడు నవ్వు కోసం మీ లోపల వెతక్కండి, తెర మీది ముఖాలు చూడండి. అయిపోగానే రాయండి: ఎవరు నవ్వారు, ఏమన్నారు, నమ్మకం ఇప్పుడెంత శాతం. 80 కాస్తా 65 అయితే చాలా మంచి వారం.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, తెలియకుండానే ఊతకర్రలు పట్టుకోవడం. కెమెరా ఆఫ్ చేయడం, రాసుకున్నది చదివేయడం, త్వరగా ముగించాలని గబగబా మాట్లాడటం, మాట బదులు చాట్‌లో టైప్ చేయడం. ఇవి ఉన్నంతకాలం 'కెమెరా ఆఫ్ చేశాను కాబట్టే బయటపడ్డాను' అనిపిస్తుంది, పాత నమ్మకానికి ఏమీ కాదు. వారానికొకటి వదలండి. ఊహే ఊతకర్ర కాకుండా కూడా చూసుకోండి. మీటింగ్‌కి ఐదు నిమిషాల ముందు దృశ్యం చేయనిదే మాట్లాడలేననుకుంటే దాన్ని పొద్దుటి పూటకే పరిమితం చేయండి.

కళ్లు మూసుకుంటే ఏమీ కనిపించనివాళ్లూ ఉన్నారు. దీన్ని ఎఫాంటాసియా అంటారు, ఆడమ్ జీమన్ అనే న్యూరాలజిస్టు 2015లో పెట్టిన పేరు. జబ్బు కాదు. అలాంటివారు దృశ్యం బదులు మాటలు, స్పర్శ, గొంతు ధ్వనితో చేయవచ్చు, లేదా ఖాళీ గదిలో హెడ్‌ఫోన్ పెట్టుకుని నటించి చూడవచ్చు.

డాక్టర్‌ని ఎప్పుడు కలవాలి?

గుండె దడ, చేతుల వణుకు మీటింగులు లేని రోజుల్లో కూడా ఉంటే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్ చూపించుకోండి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా, రక్తం తక్కువైనా అచ్చం ఇలాగే ఉంటుంది. మీటింగ్ ముందు కాఫీ మానేసి చూడండి. స్నేహితులు చెప్పారని దడ తగ్గించే ప్రొప్రనలాల్ మాత్ర సొంతంగా వేసుకోకండి, ఆస్తమా ఉన్నవారికి అది ప్రమాదం.

ఆరేడు వారాలు నిజాయితీగా చేసినా శాతం కదలకపోయినా, భయంతో ప్రమోషన్లూ పెళ్లిళ్లూ ఫంక్షన్లూ తప్పించుకుంటున్నా అది సోషల్ యాంగ్జైటీ (ఇందాక చెప్పిన సోషల్ ఫోబియానే) కావచ్చు. సైకియాట్రిస్టును కలవండి. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2013 మార్గదర్శకాల ప్రకారం దీనికి మొదట ఇవ్వాల్సింది కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనలనూ ప్రవర్తననూ మార్చుకునేలా చేసే మాటల చికిత్స), 90 నిమిషాల చొప్పున సుమారు నాలుగు నెలల్లో 14 సెషన్ల దాకా. అవసరమైతే ఎస్ఎస్ఆర్ఐ అనే, ఆందోళనను తగ్గించే మందులు కూడా బాగా పనిచేస్తాయి. పాత ఘటనలు కళ్లముందు మళ్లీ జరుగుతున్నట్టు వచ్చేవారు, లేని మాటలు వినిపించేవారు, బైపోలార్ (అతి ఉత్సాహం, దిగులు మారి మారి వచ్చే జబ్బు) ఉన్నవారు కళ్లు మూసుకుని చేసే ఈ సాధనలను సొంతంగా మొదలుపెట్టకూడదు. బతకాలని లేదన్న ఆలోచనలు వస్తుంటే ఆగవద్దు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి వెంటనే ఫోన్ చేయండి. ఉచితం, రాత్రీపగలూ తెలుగులో మాట్లాడతారు.