ఎమర్జెన్సీ ఫండ్ తీసి డీహైడ్రేటర్ కొనొచ్చా?

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో అద్దెకు ఉంటున్నాం. మావారు హెచ్-1బి వర్క్ వీసా మీద ఐటీ ఉద్యోగం చేస్తున్నారు, నేను హెచ్-4 డిపెండెంట్ వీసా మీద ఉన్నాను. గ్రీన్ కార్డ్ కోసం కంపెనీ వేసే ఐ-140కి అప్రూవల్ ఇంకా రాలేదు కాబట్టి నాకు ఈఏడీ (పని చేసుకునే అనుమతి కార్డు) లేదు. ఇద్దరు పిల్లలు. ఏడాదిగా ఇంట్లో చిన్న డీహైడ్రేటర్‌లో (వేడి గాలితో ఆహారాన్ని ఎండబెట్టే మెషీన్) బేకన్ జర్కీ చేస్తున్నాను, అంటే ఉప్పు పట్టించిన పంది మాంసపు ముక్కలను మసాలాతో ఎండబెట్టడం. జగిత్యాలలో మా అమ్మమ్మ మేకమాంసానికి ఉప్పు, పసుపు రాసి దండెం మీద ఎండేసేది, ఆ ఒరుగులు గుర్తొచ్చి మొదలుపెట్టాను. మిరియాలు, ఎండుమిర్చి, మేపుల్ సిరప్ పట్టించి చేస్తే అందరికీ నచ్చింది. ఇప్పుడు వాట్సాప్ గ్రూపులో డబ్బులిచ్చి కొంటామంటున్నారు. పెద్ద డీహైడ్రేటర్, స్లైసర్, వాక్యూమ్ సీలర్, ఫ్రీజర్ కలిపి 4,200 డాలర్లు అవుతుంది. మా సేవింగ్స్ 19,000 డాలర్లు, నెల ఖర్చు 5,200. అందులోంచి తీయొచ్చా? ఒక విడతకు అయ్యే లెక్క, నేను చేసే పద్ధతి వివరంగా విడిగా పంపుతున్నాను.

జవాబు: ఆ 4,200 డాలర్లు తీయకండి. జర్కీ చేయడం మానొద్దు. అమ్మడం మాత్రం ఇప్పుడు వద్దు.

మీ దగ్గరున్న 19,000 డాలర్లు మూడున్నర నెలల ఖర్చుకు కాస్త పైమాట. మెషీన్లు కొంటే 14,800 మిగులుతుంది, మూడు నెలలకు కూడా చాలదు. సిటిజన్ కుటుంబమైతే నేను ఇంత గట్టిగా చెప్పను. హెచ్-1బి కుటుంబానికి ఎమర్జెన్సీ ఫండ్ వేరే సంగతి. మీవారి ఉద్యోగం పోతే దేశంలో ఉండటానికి దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు, ఐ-94 (దేశంలో ఉండటానికి ఇచ్చిన గడువు తేదీ ఉన్న పత్రం) అంతకంటే ముందే ముగిస్తే ఇంకా తక్కువ. ఆ రెండు నెలల్లో కొత్త ఉద్యోగం, ఆ కంపెనీ వేసే కొత్త వీసా పిటిషన్, లాయర్ ఫీజు. కుదరకపోతే అపార్ట్‌మెంట్ లీజు మధ్యలో రద్దు చేసుకున్నందుకు కట్టాల్సింది, నలుగురికి హైదరాబాద్ టికెట్లు, కారు అమ్ముడుపోయేదాకా దాని వాయిదాలు. ఇవన్నీ ఒకేసారి మీద పడతాయి. మీలాంటి కుటుంబాలకు నేను ఎప్పుడూ ఆరు నెలల ఖర్చు చెప్తాను. మీ లెక్కలో అది 31,200 డాలర్లు. అంటే ఇంకా 12,200 పోగుచేయాల్సిన చోట మీరు తీసే ఆలోచనలో ఉన్నారు.

ఇక వీసా. ఈఏడీ లేకుండా జర్కీ చేసి అమ్మితే అది అనుమతి లేని పని కిందికి వస్తుంది. ‘నలుగురు స్నేహితులకే కదా, ఖర్చుల డబ్బులే కదా’ అనిపిస్తుంది. కానీ జెల్ (బ్యాంకు ఖాతాకు డబ్బు పంపే యాప్) లో వచ్చిన 8 డాలర్లు కూడా రికార్డే, వాట్సాప్‌లో పెట్టిన ధరల మెసేజ్ కూడా రికార్డే. రేపు గ్రీన్ కార్డ్ దశలో ‘అనుమతి లేకుండా ఎప్పుడైనా పని చేశారా’ అన్న ప్రశ్న వస్తుంది, దానికి నిజమే చెప్పాలి. ‘మావారి పేరు మీద పెట్టుకుంటే సరిపోదా’ అనుకోవద్దు. ఆయన తనకు పిటిషన్ వేసిన కంపెనీకి తప్ప ఇంకెక్కడా పని చేయకూడదు. మీ ఇంటికి ఇప్పుడున్న అతి పెద్ద ఆస్తి మీవారి జీతం, అది నిలబడింది ఆ వీసా మీదే. ఇప్పటికే ఎవరి దగ్గరైనా డబ్బు తీసుకుని ఉంటే, వెంటనే ఆపి ఒక ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒక్కసారి మాట్లాడండి.

వీసా ఇబ్బంది లేదనుకున్నా మాంసం దగ్గర ఆగిపోతారు. ఇంట్లో వండినవి అమ్ముకోవడానికి టెక్సస్‌లో కాటేజ్ ఫుడ్ చట్టం ఉంది. 2025 సెప్టెంబర్ 1 నుంచి దాన్ని బాగా సడలించారు, ఏడాది అమ్మకాల పరిమితిని 1,50,000 డాలర్లకు పెంచారు. అయినా మాంసం ఉత్పత్తులకు అందులో చోటు లేదు. జర్కీ వ్యాపారం చేయాలంటే ఇంటి వంటగదిలో కాదు, ప్రభుత్వ లైసెన్సు, తనిఖీ ఉన్న చోట తయారు కావాలి. ఆ ఖర్చు మీరు రాసిన 4,200లో లేదు.

మీరు పంపిన లెక్క నాకు నచ్చింది, చాలామంది ఇంత వివరంగా రాయరు. 3 పౌండ్ల బేకన్‌కు 18 డాలర్లు. ఎండాక వచ్చేది ఒకటింపావు పౌండు, అంటే 3 ఔన్సుల ప్యాకెట్లు ఆరు. ఒక్కోటి 8 చొప్పున 48 డాలర్లు. మసాలా, సిరప్, కరెంటు, ప్యాకెట్లు, లేబుళ్లకు 6 డాలర్లు పోగా మిగిలేది 24. ఇక్కడ మీరు వదిలేసినవి రెండున్నాయి. సొంతంగా సంపాదించేవారు కట్టే సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ 15.3 శాతం లెక్కన దాదాపు 3 డాలర్ల 40 సెంట్లు. ఇన్‌కమ్ ట్యాక్స్ దాని మీద వేరే. రెండోది మీ సమయం. మసాలా పట్టించడం, ట్రేలలో పరచడం, మధ్యమధ్యలో పైకి వచ్చిన కొవ్వు తుడవడం, ప్యాకింగ్, గిన్నెలు, అన్నీ కలిపి 3 గంటలని మీరే రాశారు. అంటే గంటకు 7 డాలర్ల లోపు. టెక్సస్‌లో కనీస వేతనమే 7.25.

పెద్ద మెషీన్‌లో ఒకేసారి 12 పౌండ్లు పెడితే గంట లెక్క మెరుగవుతుంది, ఒప్పుకుంటాను. అప్పుడు ఒక్కో విడతకు 82 డాలర్లు మిగిలినా, పెట్టుబడి తిరిగి రావడానికి 51 విడతలు. ప్రతి శనివారం, ఏడాది పొడవునా, వారానికి 24 ప్యాకెట్లు అమ్ముడుపోవాలి. పైగా అమ్మమ్మ ఒరుగులకూ బేకన్‌కూ పెద్ద తేడా ఉంది. ఒరుగులకు కొవ్వు తీసేసిన మాంసం వాడతారు, అది గలగలలాడేలా ఎండుతుంది. బేకన్‌లో నీరు పోతుంది గానీ కొవ్వు ఎండదు, అలాగే ఉండిపోయి కొన్నాళ్లకు పాత నూనె వాసన పడుతుంది. కాబట్టి అమ్ముడుపోని సరుకు దాచుకునేది కాదు, పారేసేది.

అడగకపోయినా ఒక మాట. మెషీన్‌ను 145 డిగ్రీల ఫారెన్‌హీట్ మీద పెట్టి వదిలేస్తానని రాశారు. అది గాలి వేడి, మాంసం వేడి కాదు. తడి ఆవిరవుతున్నంతసేపు ముక్క లోపల చల్లగానే ఉంటుంది. ఎండబెట్టే ముందే మాంసాన్ని 160 డిగ్రీలకు చేర్చమని అమెరికా వ్యవసాయ శాఖ చెప్తుంది. కాబట్టి ముందు ఓవెన్‌లో వేడిచేసి, థర్మామీటర్‌తో చూసుకుని, తర్వాతే ట్రేలో పెట్టండి. చేసింది ఫ్రిజ్‌లో ఉంచి త్వరగా తినేయండి. పిల్లలు తినేది కదా.

ఇప్పుడున్న చిన్న డీహైడ్రేటర్ చాలు. నెలకు రెండుసార్లు చేసుకుంటే 50 డాలర్ల లోపు అవుతుంది, దాన్ని కిరాణా బడ్జెట్‌లో కలిపేయండి. స్నేహితులకు ఊరికే పంచండి, డబ్బు మాత్రం ముట్టుకోవద్దు. 19,000 ఉన్నది మామూలు సేవింగ్స్ ఖాతాలో అయితే ఎక్కువ వడ్డీ ఇచ్చే ఖాతాకు మార్చండి. హెచ్-4 మీద వడ్డీ, డివిడెండ్లు తీసుకోవడానికి ఏ అడ్డంకీ లేదు. నెలకు 700 డాలర్లు పక్కన పెట్టగలిగితే ఏడాదిన్నరలో ఆరు నెలల ఫండ్ పూర్తవుతుంది. ఆ తర్వాత మీ పేరు మీద స్పౌజల్ ఐఆర్‌ఏ (సంపాదన లేని జీవిత భాగస్వామి పేరు మీద రిటైర్మెంట్ ఖాతా) తెరవండి. మీకు సొంత ఆదాయం లేకపోయినా జాయింట్‌గా ట్యాక్స్ ఫైల్ చేస్తే అది కుదురుతుంది, 2026కి పరిమితి 7,500 డాలర్లు.

మీవారి ఐ-140 అప్రూవ్ అయి, మీ చేతికి ఈఏడీ వచ్చాక మళ్లీ రాయండి. అప్పుడు మాంసం పక్కన పెట్టి, ఇంట్లోనే చేసి అమ్ముకోగల కారప్పొడులు, జంతికలు, సున్నుండల లెక్క వేద్దాం. ఆ జర్కీకి వాడే మిరియాలపొడి తయారీ విధానం రాసి పెట్టుకోండి, అదే మీ మొదటి సరుకు కావచ్చు.