గంజాయిని అనుమతించే అధికారం కార్పొరేటర్‌కు ఉంటుందా?

ప్రశ్న: మా డివిజన్‌లో కార్పొరేటర్‌గా పోటీ చేయదలచిన ఒకాయన, తాను గెలిస్తే సొంతానికి గంజాయి ఉంచుకున్న కుర్రాళ్లపై కేసులు లేకుండా చేస్తానంటున్నారు. అది సాధ్యమేనా?
- ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: సాధ్యం కాదమ్మా. గంజాయి వ్యవహారమంతా పార్లమెంటు 1985లో చేసిన మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తుంది కనుక, వీధిదీపాలు, మురుగుకాలువలు, పారిశుద్ధ్యం చూసే నగరపాలక సంస్థ ఎంత ఘనంగా తీర్మానం చేసినా పోలీసు కేసు ఆగదు. ఆ చట్టంలోని 10వ సెక్షన్ గంజాయి సాగును, అమ్మకాన్ని నియంత్రించే అధికారాన్ని కొంతమేరకు ఇచ్చిందన్నది నిజమే, కానీ ఇచ్చింది రాష్ట్ర ప్రభుత్వానికి. పూత, కాయ లేకుండా విడిగా ఉన్న ఆకులు గంజాయి నిర్వచనంలోకి రావు. కొన్ని రాష్ట్రాల్లో భంగు దుకాణాలు నడుస్తున్నది అందువల్లనే. బహుశా ఆయన దాన్ని చూసి పొరబడి ఉంటారు.

అయితే ఆయన లేవనెత్తిన బాధను నేను కొట్టిపారేయను. కిలో వరకు గంజాయిని చట్టం స్వల్ప పరిమాణంగానే చూస్తుంది, అయినా దానికి ఏడాది వరకు జైలు, పదివేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. చదువుకునే పిల్లవాడికి ఆ కేసు చాలా బరువు. వ్యసనానికి లోనైనవారు స్వల్ప పరిమాణంతో పట్టుబడి, తామే చికిత్సకు ముందుకొచ్చి దాన్ని పూర్తి చేస్తే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపునిచ్చే 64-ఎ సెక్షన్ గురించి మాత్రం చాలా కుటుంబాలకు తెలియదు. ఓటు అడగడానికి వచ్చినప్పుడు, డివిజన్‌లోని తల్లిదండ్రులకు ఆ సంగతి చెప్పించి, పిల్లలను వ్యసన విముక్తి కేంద్రానికి చేర్చడంలో తోడుంటారా అని ఆయన్ను అడగండి. అది కార్పొరేటర్ చేయగలిగిన పని.