గప్పీలనూ ఎండ్లర్లనూ ఒకే తొట్టిలో పెంచవచ్చునా?

తొట్లలో పెంచే చిన్న రంగు చేపలైన గప్పీలూ ఎండ్లర్లూ వేర్వేరు జాతులైతే, రెండింటికీ కలిసి పుట్టిన పిల్లలు మళ్ళీ పిల్లల్ని ఎలా పెడుతున్నాయని ఒంగోలు నుంచి మీరు అడిగారు. కావలిలో మా మేడమీద పన్నెండేళ్ళుగా వీటిని పెంచుతున్నాను కనుక నాకు తెలిసినంత రాస్తున్నాను.

తమలో తాము సంతానం కనగలిగేవన్నీ ఒకే జాతి అని బడిలో చదువుకున్నాం గానీ, 1942లో జీవశాస్త్రజ్ఞుడు ఎర్న్‌స్ట్ మేయర్ జాతికి చేసిన నిర్వచనం సహజంగా బతికే సమూహాల గురించి చెప్పినది. రెండడుగుల గాజు తొట్టిలో వేరే జత దొరకని చేపలు ఏం చేస్తాయన్నది దాని పరిధిలోకి రాదు. వెనెజులాలోని కుమనా ప్రాంతపు ఎండ్లర్‌ను 2005లో పోసీలియా వింగీ అనే ప్రత్యేక జాతిగా వర్ణించారు. గప్పీ శాస్త్రీయ నామం పోసీలియా రెటిక్యులాటా. ఈ విభజనను ఒప్పుకోని శాస్త్రజ్ఞులూ ఉన్నారు. ఆ తగవు తేలేదాకా పెంపకందారు ఆగనక్కరలేదని నా అభిప్రాయం, ఎందుకంటే జాతి ఒకటైనా రెండైనా, ఒకసారి కలిసిన సంతతిని మళ్ళీ విడదీయడం మన తరం కాదు.

ఆ సంగతి నాకు ఒక కార్తీక మాసపు ముసురులో తెలిసివచ్చింది. పక్కపక్కనే ఉన్న రెండు సిమెంటు తొట్లు తెల్లవారేసరికి నిండి ఒకదానిలోకి ఒకటి పొర్లుతున్నాయి. ఒంటిమీద నారింజ, ఆకుపచ్చ మెరుపులున్న ఎండ్లర్ మగచేపలను గుర్తుపట్టి, వలతో ఏరి, వాటి తొట్టిలో వేసి, పని అయిపోయిందనుకున్నాను. ఆడవాటి సంగతి తట్టలేదు. బూడిదరంగులో ఉండే ఎండ్లర్ ఆడచేపనూ పడుచు గప్పీ ఆడచేపనూ నా ముందు పెడితే ఇప్పటికీ తేల్చి చెప్పలేను. పైగా ఆడచేప ఒక్కసారి కలిసిన మగచేప వీర్యాన్ని నెలల తరబడి దాచుకొని, దాదాపు నాలుగు వారాలకొక కాన్పు చొప్పున, మగచేప దగ్గర లేకపోయినా పిల్లల్ని పెడుతూ ఉంటుంది. శివరాత్రి నాటికి గప్పీ తోకా ఎండ్లర్ మెరుపూ ఉన్న పిల్లలు రెండు తొట్లలోనూ తిరుగుతున్నాయి. అవి ఎంత ముచ్చటగా ఉన్నాయంటే, చూసిన దుకాణదారు ఒకరు వాటిని ఎండ్లర్లుగానే కొంటానన్నారు.

అందుకని తొట్ల మధ్య గజం ఎడం ఉంచి, పైన దోమతెర కట్టి, నిండిన నీరు బయటికి పోయే గొట్టం నోటికి కూడా తెర వేయండి. ఒక్కో తొట్టికి ఒక్కో వల వాడండి, తడి వల ముడతలో ఇరుక్కున్న పిల్ల ఒక్కటి చాలు. మూడో వారం నుంచి నేను పిల్లలను తెల్ల ప్లాస్టిక్ మగ్గులోకి తీసి టార్చి వెలుగులో చూస్తాను. పొట్ట కింది రెక్క విసనకర్రలా ఉంటే ఆడది, సన్నబడి పుల్లలా మారుతూ ఉంటే మగది. ఆ మార్పు కనిపించిన రోజే మగదాన్ని వేరు చేయాలి.

తొట్లలో పెంచే మరో రెండు రకాల చేపలు, ప్లాటీలూ స్వార్డ్‌టెయిళ్ళూ కూడా ఇలాగే ఒకదానితో ఒకటి కలుస్తాయి. దుకాణాల్లోని రంగురంగులవి చాలావరకు ఇప్పటికే సంకరాలు కనుక వాటి స్వచ్ఛత గురించి మథనపడడం వృథా, కానీ కొన్ని సంకరాల ఒంటిమీది నల్లమచ్చలు పుండ్లుగా, కంతులుగా ముదురుతాయి.

ఇప్పటికే కలిసిన మీ చేపలను చెరువులోనో కాలువలోనో వదలకండి. ఎవరికైనా ఇస్తే సంకరమని చెప్పి ఇవ్వండి. అసలు ఎండ్లర్లే కావాలంటే, మూలం తెలిసిన పెంపకందారు దగ్గర, మగవాటికి దూరంగా పెరిగిన లేత ఆడచేపలను అడిగి తెచ్చుకోండి.