బోర్డు కంపెనీది, నోటీసు మాకు: డబ్బులు ఎవరు కట్టాలి?

ప్రశ్న: పాలకొల్లులో మాకు కింద పెయింట్ల షాపు, పైన ఇల్లు. రెండేళ్ల కిందట పెయింట్ కంపెనీ వాళ్లు మా షాపు పేరు, పక్కన వాళ్ల కంపెనీ బొమ్మ ఉన్న పన్నెండడుగుల లైటు బోర్డు ఉచితంగా బిగించి వెళ్లారు. ఈమధ్య మున్సిపాలిటీ వాళ్లు వచ్చి టేపుతో కొలిచి, ప్రకటనల పన్ను కట్టమని నోటీసు ఇచ్చారు. మా షాపు పేరు మేం పెట్టుకున్నా పన్నేనా? బోర్డు లైటుకి కరెంటు పైన ఇంటి మీటరు నుంచి లాగాం, పర్లేదా? ఎదురింటాయన లైటు కళ్లలో పడుతోందని గొడవ చేస్తున్నారు. కాలువ గట్టు మీద ఇంకో చిన్న బోర్డు కూడా పాతాం.

జవాబు: ముందు ఆ నోటీసులో ‘పన్ను’ అని ఉందో ‘ఫీజు’ అని ఉందో చూడండి, ఎందుకంటే 2016లో 101వ రాజ్యాంగ సవరణతో ప్రకటనల మీద పన్ను వేసే అధికారాన్ని రాష్ట్రాల జాబితా నుంచి తీసేశారు, 2017 జూలై 1 నుంచి ఆ సంగతి జీఎస్టీలోకి వెళ్లిపోయింది. అలాగని ఎగిరి గంతెయ్యకండి. బోర్డుకి అనుమతి ఇచ్చే పని మున్సిపాలిటీదే, ఆ అనుమతికి ఫీజు అడగొచ్చు. కాబట్టి ఏ సెక్షన్ కింద, చదరపు మీటరుకి ఎంత లెక్కన అడుగుతున్నారో రాతపూర్వకంగా చెప్పమనండి. చెప్పకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఇక షాపు పేరు సంగతి. 1965 నాటి మున్సిపాలిటీల చట్టంలో ప్రకటనల పన్ను గురించి ఉన్న 114వ సెక్షనే, ఏ భవనంలో ఏ వ్యాపారం జరుగుతుందో ఆ వ్యాపారం గురించి అక్కడే పెట్టుకున్న బోర్డుకి మినహాయింపు ఇచ్చింది. మీ షాపు పేరు అందులోకి వస్తుంది. పేచీ అంతా పక్కనున్న కంపెనీ బొమ్మతోనే. ‘ఆ పెయింట్లే కదండీ మేం అమ్మేది’ అని మీరంటారు, ‘అది కంపెనీకి పబ్లిసిటీ’ అని వాళ్లంటారు. నన్నడిగితే మీ వాదనలో బలముంది, పెయింట్ల షాపు మీద కూల్ డ్రింకు బొమ్మ ఉంటే మాత్రం ఉండేది కాదు. వాళ్లు అస్సలు ఒప్పుకోకపోతే కనీసం కొలతైనా విడగొట్టమనండి. సాధారణంగా ఫ్రేము బయటి అంచు నుంచి అంచుకి కొలుస్తారు. మీ బోర్డు ఎత్తు నాలుగడుగులనుకుంటే 12 బై 4, 48 చదరపు అడుగులు, అంటే దాదాపు 4.46 చదరపు మీటర్లు. అందులో కంపెనీ బొమ్మ నాలుగడుగుల వెడల్పే ఉంటే 16 చదరపు అడుగులకే లెక్క కట్టమని రాసివ్వండి. కొలిచినప్పుడు పక్కనే నిలబడి ఫొటో తీసుకోవాల్సింది, ఇప్పుడైనా టేపు పెట్టి తీసి దగ్గర పెట్టుకోండి.

నోటీసు కంటే నాకు టెన్షన్ పెట్టింది మీ ఇంటి మీటరు. ఇంటి వాడకానికి తీసుకున్న కరెంటుని షాపు బోర్డుకి వాడితే విద్యుత్ చట్టం 2003, సెక్షన్ 126 కింద అనధికార వాడకం. వర్తించే టారిఫ్‌కి రెట్టింపు వేస్తారు, ఎప్పటినుంచి వాడారో తేలకపోతే తనిఖీకి ముందు 12 నెలలకు లెక్కగడతారు. అప్పీలుకి వెళ్లాలంటే 30 రోజుల్లోపు, అదీ సగం డబ్బు కట్టాకే. ఈ వారమే ఎలక్ట్రీషియన్ని పిలిపించి షాపు మీటరుకి మార్పించండి. పనిలో పనిగా బోర్డుకీ వీధి కరెంటు తీగలకీ పక్కవాటుగా 1.2 మీటర్ల ఖాళీ ఉందో లేదో చూడమనండి.

ఎదురింటాయన బాధ ఆయన ఒక్కరిదే అయితే సివిల్ కోర్టుకెళ్లి ఇంజంక్షన్ (ఆపమనే ఉత్తర్వు) అడగాల్సిన వ్యవహారం. వీధంతా కలిసి ఫిర్యాదు చేస్తే మాత్రం ఆర్డీవో గారు బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) సెక్షన్ 152 కింద తీసెయ్యమని ఉత్తర్వు ఇవ్వగలరు. అంతదాకా ఎందుకు? లైటు కొంచెం కిందికి వంచి, రాత్రి పదికి ఆరిపోయేలా టైమరు పెట్టించండి. ఆయనకీ నిద్ర, మీకూ బిల్లు తక్కువ.

కాలువ గట్టు మీది బోర్డు మాత్రం పీకేయండి. గట్టు జలవనరుల శాఖది, మున్సిపాలిటీ ఫీజు కట్టించుకున్నా అక్కడ మీకు హక్కు రాదు.

చివరిగా ఫ్రేము. సముద్రం దగ్గర, ఉప్పు గాలికి ఇనుము ఎంత తొందరగా తుప్పు పడుతుందో పెయింట్లమ్మే మీకు నేను చెప్పక్కర్లేదు, వెల్డింగు అతుకుల దగ్గరా యాంకర్ బోల్టుల చుట్టూ ఎర్రటి చారలు కనిపిస్తే లోపల తినేసినట్టే. 2024 మే 13న ముంబై ఘాట్కోపర్‌లో పెట్రోలు బంకు మీద పడి 17 మందిని బలిగొన్న హోర్డింగు 120 అడుగులకు 120 అడుగులు, అక్కడి నిబంధన 40కి 40. మీది అంత పెద్దది కాకపోవచ్చు గానీ తుపాను గాలికి ఊడి బండి మీద వెళ్లేవాళ్ల మీద పడితే, నిర్లక్ష్యం వల్ల మరణం కింద బీఎన్ఎస్ (పాత ఐపీసీ బదులు వచ్చిన చట్టం) సెక్షన్ 106, అయిదేళ్ల దాకా జైలు. అప్పుడు పోలీసులు ముందు వచ్చేది మీ గుమ్మంలోకి. అక్టోబరు రాకముందే బోల్టులు మార్పించండి. ఆ ఖర్చు, ఫీజు ఎవరు పెట్టుకోవాలో కంపెనీ వాళ్లతో కాగితం మీద రాయించుకోండి, సేల్స్ కుర్రాడి నోటిమాట చెల్లదు. వాళ్లు ‘రాసివ్వం’ అంటే బోర్డు దించుకుపొమ్మనండి. ఈసారి మీ సొంత బోర్డు పెట్టుకుంటే తెలుగు పైన, ఇంగ్లీషు కింద ఉండాలి, షాపుల నిబంధనల్లో అలాగే ఉంది.