చెక్క లేత్‌తో (చెక్కను తిప్పుతూ ఉలితో మలిచే యంత్రం) పాటు పదును పెట్టే సామాను కూడా మొదట్లోనే కొనాలా?

కొనాలి. డబ్బంతా లేత్ మీదే పెట్టేయకండి. గ్రైండర్‌కీ, ఉలిని ఒకే కోణంలో పట్టి ఉంచే జిగ్‌కీ కొంత పక్కన ఉంచుకోండి. మొద్దు ఉలి చెక్కను కోయదు, గీరుతుంది. చుట్టలు తిరిగిన పేళ్లకు బదులు పొడి రాలుతుంటే పదును పోయినట్టే. 8 అంగుళాల స్లో స్పీడ్ గ్రైండర్, 80 గ్రిట్ (రాయి గరుకుదనం) తెల్ల అల్యూమినియం ఆక్సైడ్ రాయి మొదట్లో చాలు.

ఉలి ఏటవాలు ముఖానికి మార్కర్ పూసి, గ్రైండర్ ఆపి ఉంచి రాయిని చేత్తో కాస్త తిప్పండి. ఇంకు అంచు దాకా సమంగా చెరిగితే కోణం కుదిరింది; వెనక భాగంలోనే చెరిగితే ఇంకా సర్దాలి.

అన్నట్టు, పొడవాటి కర్రలను మొదట గుండ్రంగా చేసే వంపు ఉలి, అంటే స్పిండిల్ రఫింగ్ గౌజ్‌ను చెక్క గిన్నెలు చేయడానికి అస్సలు వాడకండి. పిడిలోకి దిగే సన్నటి భాగం పుటుక్కున విరిగే ప్రమాదం ఉంది. ఫేస్ షీల్డ్ లేకుండా లేత్ ఆన్ చేయొద్దు.