ఫోన్ మీద వ్యాసం రాస్తున్న అమ్మాయికి

అమ్మా,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. పన్నెండు మంది యూనివర్సిటీ అధ్యాపకులను కలిసి, చదువుకు ఫోన్ వాడటం గురించి వాళ్ళేమన్నారో ఓపిగ్గా రాసుకొచ్చావు. చాలా సంతోషమేసింది. కానీ ఏడుగుర్ని 'కావాలి' గంపలో, ఐదుగుర్ని 'వద్దు' గంపలో వేసేశావు. అక్కడే వ్యాసం చప్పబడింది.

నేను చూసింది చెప్తాను. తెలుగు శాఖలో నాకు తెలిసిన మేడం ఒకరు క్లాసులోకి రాగానే ఫోన్లన్నీ బ్యాగుల్లో పెట్టించేవారు. ఒకరోజు పద్యం చెబుతూ ఒక మాట దగ్గర ఆగారు. వెనక బెంచీ కుర్రాడు బల్ల కిందే ఆంధ్రభారతి నిఘంటువు తెరిచి అర్థం చదివేశాడు. మేడం కోప్పడబోయి ఆగి, "ఏదీ, ఇంకోసారి చదువు" అన్నారు. రెండో అర్థం దగ్గర పద్యం విడిపోయింది. మర్నాడు ఫోన్లు మళ్ళీ బ్యాగుల్లోకే వెళ్ళాయి. కాకపోతే, పద్యం ఉన్న రోజుల్లో బెంచీకి ఒక ఫోన్ బయట ఉండేది. ఆవిడను ఏ గంపలో వేస్తావు?

"మీ అభిప్రాయం ఏమిటి సార్" అని అడిగితే సెమినార్లో చెప్పే మాటే చెప్తారు. "పోయినవారం క్లాసులో ఫోన్ ఎవరు తీశారు, మీరేం చేశారు" అని అడుగు.

'వద్దు' అన్నవాళ్ళ కారణం తవ్వు. 2020 లాక్‌డౌన్‌లో ఒక ఎకనామిక్స్ సార్ లైవ్ క్లాసు పెడితే సగం మంది కూడా వచ్చేవారు కాదు. కొందరిళ్ళల్లో ఉన్న ఒక్క ఫోనూ పొద్దున్నే నాన్నతో పనికి వెళ్ళిపోయేది. ఆయన పాఠాన్ని చిన్న చిన్న వాయిస్ మెసేజ్‌లుగా చేసి వాట్సాప్‌లో పెట్టారు, రాత్రి ఫోన్ ఇంటికొచ్చాక పిల్లలు వినేవారు. ఈరోజు ఆయన ఫోన్ చదువు వద్దంటే, అది కొత్తదంటే పడక కాదు. ఆ రాని పిల్లలు ఆయనకింకా గుర్తున్నారు.

ఇంకొకటి, నువ్వు అసలు ముట్టుకోనిది. 2017లో స్వయం అని కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల పోర్టల్ వచ్చింది. 2021లో యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా దాని ద్వారా చదవొచ్చంది, అంతకుముందు 20 శాతమే. పర్మనెంట్ ప్రొఫెసర్‌కి అది ఒక సర్క్యులర్. పీరియడ్ లెక్కన డబ్బులు తీసుకునే గెస్ట్ లెక్చరర్‌కి వచ్చే ఏడాది పీరియడ్లు ఉంటాయా అన్న టెన్షన్. ఇద్దరూ నీతో "ఆన్‌లైన్ కోర్సులు మంచివే" అని ఉండొచ్చు. ఎవరి ఉద్యోగం ఏమిటో రాయకపోతే ఆ మాటకు బరువుండదు.

పాఠం ఇంటికి వెళ్ళడం మనకు కొత్తేం కాదని కూడా ఒక్క వాక్యంలో చెప్పు. 1982లో హైదరాబాద్‌లో మొదలైన సార్వత్రిక విశ్వవిద్యాలయం రేడియోలో పాఠాలు చెప్పింది. అంతకుమించి చరిత్ర వద్దు.

నీ నోట్సు ఆరో పేజీలో ఒక లైను ఉంది. రాసుకోకుండా బోర్డుకు ఫోటో తీస్తున్న అమ్మాయిని చూసి లెక్కల సార్ చాక్‌పీస్ కింద పెట్టేశారని. దాన్ని వ్యాసంలోకి తీసుకోలేదెందుకు? ఆయన దగ్గరికి మళ్ళీ వెళ్ళు. చాక్‌పీస్ మళ్ళీ తీశారా, తీసి ఏం రాశారు, ఆ అమ్మాయి ఏం చేసిందో అడుగు. వ్యాసం అక్కణ్ణుంచి మొదలుపెట్టి నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు